‘ది ప్రాక్టీస్’ సీరియల్‌ని నోటుబుక్కు దగ్గర పెట్టుకుని చూడటం ఎలా

మా ఆఫీసులో కొత్తగా చేరిన జూనియర్లకు మొదటి నెలలో మూడు పనులు చెప్తాను. వాయిదాల డైరీ సొంత చేత్తో రాయాలి. వారానికి రెండు రోజులు తమకు కేసు లేకపోయినా సెషన్స్ కోర్టులో వెనక బెంచీ మీద కూర్చుని క్రాస్ (ఎదుటి పక్షం సాక్షిని లాయరు ప్రశ్నించడం) వినాలి. ఆదివారం మధ్యాహ్నం ‘ది ప్రాక్టీస్’ చూడాలి. మొదటి రెండూ విని తలూపుతారు. మూడోది వినగానే "సీరియలా మేడమ్?" అంటారు. అవును, సీరియలే. అయితే దాన్ని చూసే పద్ధతి ఒకటుంది. ఇరవై రెండేళ్లుగా రాజమండ్రి కోర్టుల్లో క్రిమినల్ సైడు పనిచేస్తూ, దీన్ని మొదట్నించి చివరిదాకా మూడుసార్లు చూశాక నాకు కుదిరిన పద్ధతి. లా చదువుతున్నవాళ్లకు, కొత్తగా నల్లకోటు వేసుకున్నవాళ్లకు ఎక్కువగా పనికొస్తుంది. కోర్టు మెట్లు ఎక్కనివాళ్లు కూడా ఇలా చూస్తే కథ ఇంకా లోతుగా పడుతుంది.

ముందు దీని గురించి నాలుగు ముక్కలు. అమెరికాలో ఏబీసీ చానల్లో 1997 మార్చిలో మొదలై 2004 మేలో ముగిసింది. 8 సీజన్లు, 168 ఎపిసోడ్లు. సృష్టించింది డేవిడ్ ఇ. కెల్లీ. టీవీకి రాయడం మొదలుపెట్టక ముందు ఆయన బోస్టన్‌లో లాయరు. కథ కూడా బోస్టన్‌లోనే జరుగుతుంది. బాబీ డానెల్ అనే లాయరు నడిపే చిన్న క్రిమినల్ ఆఫీసు. అందులో యూజీన్ యంగ్, ఎలనార్ ఫ్రట్, లిండ్సే డోల్, జిమ్మీ బెర్లూటీ లాయర్లు. ఆఫీసు వ్యవహారాలన్నీ చూసుకునే రెబెకా వాషింగ్టన్, పగలు ఇక్కడ పనిచేస్తూ రాత్రిపూట లా చదువుకుని ఆ తర్వాత తనూ లాయరవుతుంది. రెండో సీజన్ నుంచి ఎదుటి పక్షాన హెలెన్ గ్యాంబుల్ వస్తుంది, మన పీపీ (ప్రభుత్వం తరఫున వాదించే పబ్లిక్ ప్రాసిక్యూటర్) లాంటి ఉద్యోగం. లిండ్సే, హెలెన్ ఒకే ఇంట్లో ఉంటారు. పొద్దున కోర్టులో ఒకరి సాక్షిని ఒకరు ముక్కలు చేసుకుని, రాత్రి ఒకే వంటింట్లో అన్నం తినాలి. బార్ అసోసియేషన్ క్యాంటీన్లో పీపీ గారితో టీ తాగే మనకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

1998లో, 1999లో వరసగా రెండేళ్లు ఉత్తమ డ్రామా సీరియల్‌గా ఎమ్మీ అవార్డు వచ్చింది. నేను చూడమనేది అందుకు కాదు. కెల్లీ అంతకుముందు ‘ఎల్.ఏ. లా’ అనే సీరియల్‌కి రాశాడు. అందులో లాయర్లు ఖరీదైన సూట్లలో, ఖరీదైన ఆఫీసులో ఉంటారు. ‘ది ప్రాక్టీస్’లో ఫీజు బాకీ పెట్టిన పార్టీలుంటారు, ఈ నెల ఖర్చులు ఎలా వెళ్లదీయాలన్న బెంగ ఉంటుంది. మన ఊళ్లలో లాయరు ఆఫీసంటే ఇదే. రెండు గదులు, ఒక గుమస్తా, ఇద్దరు జూనియర్లు, బీరువా నిండా కేసు కట్టలు. అందుకే ఇది మనకు పాఠంగా పనికొస్తుంది.

వరస తప్పకుండా చూడండి

మొదటి సీజన్‌లో ఉన్నవి 6 ఎపిసోడ్లే. వాటిని ఒక్క వారంలో చూసేయండి, మనుషులు పరిచయమవుతారు. రెండో సీజన్‌లో 28 ఉన్నాయి. అక్కణ్ణించి రోజుకు ఒకటి మించొద్దు. ఒక్కో ఎపిసోడ్‌లో రెండు మూడు కేసులు కలిసి నడుస్తాయి. ఒకటి అక్కడే ముగుస్తుంది, ఇంకొకటి నాలుగైదు ఎపిసోడ్ల దాకా సాగుతుంది. మధ్యలో ఒకటి వదిలేస్తే సాక్షి మొదట ఏం చెప్పాడో తెలియకుండా క్రాస్ వింటున్నట్టు ఉంటుంది.

మాట వేగం ఎక్కువ. ఇంగ్లిషు సబ్‌టైటిల్స్ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు, నేనూ పెట్టుకునే చూస్తాను. ఒక్కో ఎపిసోడ్ ముప్పావు గంటలోపే ఉంటుంది. నేను చెప్పే పద్ధతిలో ఆపుతూ చూస్తే గంటన్నర పడుతుంది. ఆ టైము కేటాయించుకునే కూర్చోండి.

ఆ కోర్టు వేరు, మన కోర్టు వేరు

ఈ తేడాలు తెలియకుండా చూస్తే తప్పు పాఠం నేర్చుకుంటారు. నేను నేర్చుకున్నాను, దాని సంగతి కింద చెప్తాను.

మొదటిది జ్యూరీ. హత్య లాంటి కేసుల్లో 12 మంది మామూలు మనుషులు కూర్చుంటారు. అందరూ ఒకే మాట మీదికి రావాలి. మన దేశంలో 1959 నానావతి కేసు (జ్యూరీ నిర్దోషి అన్నవాణ్ణి హైకోర్టు దోషిగా తేల్చిన హత్య కేసు) తర్వాత జ్యూరీ మీద నమ్మకం బాగా సడలిపోయింది, 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో క్రిమినల్ కేసుల్లో పూర్తిగా పోయింది. కాబట్టి బాబీ చివరి వాదన చెప్పేటప్పుడు గొంతు పైకెత్తి, కిందికి దించి, ఒక్కొక్కరి కళ్లలోకి చూస్తూ నడుస్తుంటే గుర్తుపెట్టుకోండి: ఆయన మాట్లాడేది బస్సు డ్రైవరుతో, స్కూలు టీచరుతో. మనం మాట్లాడేది వెయ్యి డిపోజిషన్లు (కోర్టులో నమోదైన సాక్షుల వాంగ్మూలాలు) చదివిన జడ్జి గారితో. ఆ గొంతు ఇక్కడ పనికిరాదు. ఆ వాదనలో విషయాలు పేర్చిన వరస మాత్రం చాలా బాగా పనికొస్తుంది.

రెండోది, అక్కడ కేసు పిలిచేటప్పుడు ప్రాసిక్యూషన్‌ని ‘కామన్వెల్త్’ అంటారు. మసాచుసెట్స్ రాష్ట్రం తనను తాను అలాగే పిలుచుకుంటుంది. మన ‘స్టేట్’ అన్నమాట. ఆ రాష్ట్రంలో 1984 నుంచి మరణశిక్ష లేదు. ఈ కథ నడిచిన రోజుల్లో అక్కడ ఫస్ట్ డిగ్రీ హత్య (ముందే అనుకుని చంపడం లాంటిది) రుజువైతే పెరోల్ లేని యావజ్జీవం. ఇది తెలిస్తే బేరాల సీన్లలో, అంటే నేరం ఒప్పుకుంటే చిన్న సెక్షన్‌కి దిగుతామని హెలెన్ చెప్పే చోట్ల, ఎదురుగా కూర్చున్న ముద్దాయి ముఖం ఎందుకలా పాలిపోతుందో అర్థమవుతుంది.

మూడోది పోలీసుల ముందు ఒప్పుకోలు. అక్కడ హక్కులు చదివి వినిపించి డిటెక్టివులు రాబట్టిన ఒప్పుకోలు జ్యూరీ ముందుకు వస్తుంది. అందుకే దాన్ని రానివ్వకుండా ఆపడానికి ఒక్కోసారి పెద్ద యుద్ధమే నడుస్తుంది. మన దగ్గర పోలీసు ఆఫీసరు ముందు చేసిన ఒప్పుకోలు ముద్దాయి మీద రుజువు కాదు. పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 25, 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 23. ఆ సీన్లను కథగా చూడండి, నోట్సు అక్కర్లేదు.

నాలుగోదాని మీద నాకు పట్టింపు ఎక్కువ. అక్కడ ముద్దాయి తన లాయరు పక్కన, అదే బల్ల దగ్గర, కుర్చీలో కూర్చుంటాడు. సాక్షి ఏదన్నా అంటే చెవిలో చెప్తాడు, కాగితం మీద రాసి జరుపుతాడు. తీర్పు చదివేటప్పుడు ఎలనార్ చెయ్యి కక్షిదారు చేతి మీద ఉంటుంది. మన దగ్గర ముద్దాయి వెనకాల బోనులో నిలబడాలి. నాకూ ఆయనకూ మధ్య బెంచీలు, ప్లీడర్లు, పోలీసులు. రెండోసారి సీరియల్ చూస్తున్న రోజుల్లో నాకు ఒక దెబ్బలాట కేసుండేది. కోరుకొండ వైపు ఊరి నుంచి డెబ్బై దాటిన పెద్దాయన ముద్దాయి. సాక్షుల విచారణ పొద్దున్నించి నడుస్తోంది. మధ్యాహ్నం భోజనం వేళ వరండాలో పట్టుకుని, "మేడమ్ గారండీ, మోకాళ్లు పట్టేసినియ్యండి. నిలబడలేకపోతన్నానండి" అన్నాడు. అన్నేళ్లలో ఒక్క ముద్దాయి మోకాళ్ల గురించి నేను ఆలోచించలేదు. కోర్టు మళ్లీ కూర్చోగానే లేచి నోటిమాటగా అడిగాను. జడ్జి గారు బోను వైపు ఒక్క క్షణం చూసి, అటెండరుతో స్టూలు వేయించారు. అంతే, అరనిమిషం పని. అప్పట్నించి వయసు పైబడినవాళ్లు, గర్భిణులు, జబ్బు మనుషులు ముద్దాయిలుగా ఉంటే సాక్షిని పిలవక ముందే అడుగుతున్నాను. ఆ సీరియల్‌లో నన్ను బాగా కదిపింది వాదనలు కాదు, ఆ పక్క కుర్చీ.

నోటుబుక్కు ఎలా పెట్టాలి

రెండు వందల పేజీల పొడుగు నోటుబుక్కు ఒకటి కొనండి. తెరిచి పెట్టినప్పుడు ఎడమ పేజీలో క్రాస్‌లో లాయరు అడిగిన ప్రశ్నలు వరసగా రాయండి. ప్రతి ఎపిసోడ్‌లో ఒక్క క్రాస్ చాలు. ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ విని రాయండి. సాక్షి జవాబులు రాయొద్దు. రాశాక ప్రశ్నలు మాత్రమే పైనుంచి కిందికి చదవండి. మంచి క్రాస్ అయితే జవాబుల్లేకుండానే కథ మొత్తం ఆ ప్రశ్నల్లో కనిపిస్తుంది. ఒక్కో ప్రశ్నలో ఒక్కో సంగతే ఉంటుంది. ‘ఎందుకు’, ‘ఎలా’ అన్న మాటలు ఉండవు. యూజీన్ క్రాస్‌లు దీనికి బాగా ఉంటాయి, అతను మాట పొదుపు మనిషి. బాబీవి ఆవేశంగా ఉంటాయి, వాటిని రెండో సీజన్ సగం దాటాక రాసుకోండి.

కుడి పేజీలో ఆ ప్రశ్నలే మన సాక్షికి తెలుగులో ఎలా అడుగుతామో రాయాలి. అసలు కష్టం ఇక్కడే వస్తుంది, అసలు లాభం కూడా ఇక్కడే.

పోయినేడు చేరిన జూనియరమ్మాయి కుడి పేజీలో ఇలా రాసింది: "మీరు గదిలోకి వెళ్లలేదు కదా?" ఇంగ్లిషులో అది చక్కటి లీడింగ్ ప్రశ్న, అంటే రావాల్సిన జవాబు ప్రశ్నలోనే ఉన్నది. "ఏమ్మా, సాక్షి దీనికి ‘అవునండి’ అన్నాడనుకో, అర్థమేంటి?" అని అడిగాను.

"వెళ్లలేదని, మేడమ్."

"‘అవునండి, వెళ్లాను’ అని పీపీ గారు అంటే?"

కాసేపు పేజీ వంకే చూసింది. మన భాషలో కాదన్న ప్రశ్నకు అవునన్న జవాబు వస్తే అది రెండు వైపులా తిరుగుతుంది. సాక్షి తెలుగులో చెప్తాడు, డిపోజిషను చాలా చోట్ల ఇంగ్లిషులో టైపవుతుంది. ఆ ‘అవునండి’ కాగితం మీద ఏ వైపుకు పడిందో మనం చూసుకునేసరికి సాక్షి బోను దిగిపోయి ఉంటాడు. అందుకే లేదు, కాదు, కదా అన్నవి తీసేసి జరిగిన సంగతిని సూటిగా పెట్టాలి. "మీరు వాకిట్లో ఉన్నారు." అవునండి. "గది తలుపు వేసి ఉంది." అవునండి. "తలుపు తీసింది మీ వదిన గారు." అవునండి. "ఆవిడ తీసేదాకా మీరు వాకిట్లోనే ఉన్నారు." అవునండి. ఇప్పుడు ఏ భాషలో టైపు చేసినా అర్థం మారదు. ఇంగ్లిషు సీరియల్ ముందు కూర్చుని తెలుగు ప్రశ్న ఎలా ఉండాలో నేర్చుకోవడం వింతగా ఉంటుంది. కానీ రెండు పేజీలూ పక్కపక్కన ఉంటేనే ఈ తేడా కళ్లకు కడుతుంది.

ఇంకో సంగతి. ఆ కోర్టులో ప్రశ్న, జవాబు ఉన్నదున్నట్టు స్టెనో రికార్డు చేస్తుంది. మన దగ్గర మామూలుగా సాక్షి చెప్పింది కథనంగా కలిపి రాస్తారు. పైగా మన కేసేమిటో సాక్షికి సజెషన్‌గా (‘జరిగింది ఇదీ’ అని ముందు ఉంచి, ఒప్పుకుంటాడో లేదో అడగడం) పెట్టి తీరాలి. "నేను పాత కక్షతో అబద్ధం చెప్తున్నాననడం నిజం కాదు" అన్న వాక్యంతో మన డిపోజిషన్లు ముగుస్తాయి. బోస్టన్ లాయరు అలాంటిది అడగడు, కొట్టాల్సిన చోట కొట్టి కూర్చుంటాడు. అది చూసి మీరూ సజెషన్లు మానేస్తే అప్పీల్లో ‘ఈ సంగతి సాక్షికి పెట్టనేలేదు’ అన్న మాట పడుతుంది. కుడి పేజీ అడుగున నాలుగు గీతలు ఖాళీ వదిలి, ఆ సాక్షికి మీరైతే ఏ సజెషన్లు పెడతారో రాయండి.

సాక్షి పోలీసులకు ఒకటి చెప్పి కోర్టులో ఇంకొకటి చెప్పే సీన్లు చాలా ఉంటాయి. వాటికి ఎర్ర ఇంకుతో గుర్తు పెట్టుకోండి. పాత మాటను సాక్షి ముందు ఎలా పరిచారు, చదివి వినిపించాక ఎంతసేపు ఊరుకున్నారు అన్నది చూడండి. మన దగ్గర దానికి 161 స్టేట్‌మెంట్లు, అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 161 కింద పోలీసులు రాసుకున్న సాక్షుల మాటలు (ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో సెక్షన్ 180), వాటితో సాక్షిని నిలదీయడానికి ఎవిడెన్స్ యాక్ట్ 145 (ఇప్పుడు 148). సెక్షన్లు వేరు, సాక్షి ముఖంలో మారే రంగు మాత్రం ఒకటే.

ఇక నేను నేర్చుకున్న తప్పు పాఠం. మొదటిసారి సీరియల్ చూసిన కొత్తలో, ఒక దొంగతనం కేసులో రికవరీ పంచాయతీదారుణ్ణి (పోలీసులు దొంగసొత్తు పట్టుకున్నప్పుడు సాక్షిగా సంతకం పెట్టినవాణ్ణి) క్రాస్ చేస్తున్నాను. ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టానని మెల్లగా ఒప్పుకుంటున్నాడు. అక్కడ ఆగాల్సింది. బాబీ లాగా బల్ల ముందుకు వచ్చి, పోలీసులు ఏం చేశారో, ఆయన వాళ్లకు ఎలా లొంగాడో గొంతు పెంచి చెప్పడం మొదలుపెట్టాను. జడ్జి గారు పెన్ను కింద పెట్టి, "ఆర్గ్యుమెంట్స్ తర్వాత చెప్పుకోండమ్మా, ప్రశ్న అడగండి" అన్నారు. ఆ అరనిమిషంలో పంచాయతీదారు తేరుకున్నాడు. తర్వాతి ప్రశ్నకు "కాగితాలు నింపాకే సంతకం పెట్టానండి" అన్నాడు. నా ముద్దాయికి శిక్ష పడింది. పై కోర్టులో కొట్టేశారు గానీ, అందుకు ఏడాదిన్నర పట్టింది. అందుకే క్రాస్ మధ్యలో లాయరు ఉపన్యాసం ఇస్తున్న ప్రతిచోటా ఎడమ పేజీలో అడ్డంగా కొట్టేసి ‘ఇక్కడ కాదు’ అని రాయిస్తాను.

తీర్పుకు ముందు ఆపండి

జ్యూరీ గదిలోంచి బయటికి వస్తుంది, వాళ్లకు పెద్దగా ఉన్న మనిషి కాగితం తీస్తాడు. అక్కడ పాజ్ నొక్కండి. మీ తీర్పు రాయండి. ఏ సాక్షిని నమ్మి, ఏ అనుమానం మీద. మూడు వాక్యాలు చాలు, కానీ రాయకుండా ముందుకు పోవద్దు. సహేతుకమైన అనుమానం అన్నది అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి ఈ పని మనకు నేరుగా పనికొస్తుంది. మీకూ జ్యూరీకీ తేడా వచ్చినప్పుడు ఎవరు తప్పో తేల్చుకోవాలని చూడకండి. మీరు ఏ సాక్ష్యాన్ని తేలిగ్గా తీసుకున్నారో వెనక్కి వెళ్లి చూడండి.

తీర్పు తర్వాతి రెండు నిమిషాలు తప్పక చూడండి. గెలిచాక ఈ లాయర్లు చాలాసార్లు సంతోషంగా ఉండరు. అక్కడే ‘ప్లాన్ బి’ గురించి చెప్పాలి. ఆ ఆఫీసులో వాళ్లు వాడే మాట అది. మా ముద్దాయి చేయలేదు అనడంతో ఆగకుండా, చేసి ఉండొచ్చు అనిపించే ఇంకో మనిషిని జ్యూరీకి చూపించడం. ఆ ఇంకో మనిషి చాలాసార్లు చచ్చిపోయినవాళ్ల సొంత మనిషే. అతను చేయలేదని లాయర్లకు లోపల్లోపల తెలిసే ఉంటుంది. మూడో సీజన్‌లో జార్జ్ వోగల్‌మన్ అనే కాళ్ల డాక్టరు కేసు వస్తుంది. మందుల సంచిలో ఒక స్త్రీ తల పెట్టుకుని తిన్నగా ఎలనార్ దగ్గరికి వస్తాడు. ఆ కేసు ఎటు తిరుగుతుందో చెప్పను. ఆ ఎపిసోడ్లు మాత్రం రాత్రి ఒంటరిగా కాకుండా ఇంకో లాయరుతో కలిసి చూడండి, చూశాక మాట్లాడుకోండి.

నేను మాట్లాడుకోవడానికి అప్పట్లో ఎవరూ లేరు. ఒక హత్య కేసులో చనిపోయినవాడి తమ్ముడు సాక్షిగా వచ్చాడు. ఆస్తి గొడవ ఉంది కాబట్టి, ‘మీరే చంపించి నా ముద్దాయి మీద పెట్టారనడం...’ అని సజెషన్ పెట్టాను. చట్టం ఒప్పుకుంటుంది, నా పని అది. "నిజం కాదండి" అన్నాడు, ఆ తర్వాత బోను పట్టె రెండు చేతులతో పట్టుకుని తల దించుకున్నాడు. కేసు కొట్టేశారు, వేరే కారణాల మీద. ఆ ఒక్క ప్రశ్న లేకపోయినా కొట్టేసేవారు. ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు కోటిపల్లి బస్టాండులో ఎదురుపడతాడు. పలకరించడు, తిట్టడు, పక్కకు జరిగి దారి ఇస్తాడు. అందుకే ప్లాన్ బి వచ్చిన ప్రతి ఎపిసోడ్‌కూ నోటుబుక్కులో ఒక ప్రశ్నకు జవాబు రాయిస్తాను: ఇది లేకుండా ఈ కేసు నిలబడేదా? నిలబడేదైతే ఆ సజెషన్ పెట్టకండి. నిలబడకపోతే పెట్టండి. అప్పుడు అది మీ ముద్దాయికి మీరు బాకీ పడ్డ పని.

ఆఫీసు సీన్లను దాటేయకండి

కోర్టు కోసం చూసేవాళ్లు ఆఫీసు సీన్లను జరిపేస్తారు. అది పొరపాటు. కక్షిదారు తలుపు తోసుకుని వచ్చి, కూర్చునేలోపే అంతా కక్కేయబోతుంటే ఈ లాయర్లు చెయ్యెత్తి ఆపుతారు. ముందు ఏం వినాలి, ఏం వినకూడదు అన్నది నిర్ణయించుకున్నాకే మాట్లాడనిస్తారు. జోయీ హెరిక్ అని ఒక కక్షిదారు వస్తాడు, జాన్ లారోకెట్ వేశాడు. చట్టం తెలిసినవాడు, సిగ్గూ భయం లేనివాడు. లాయరు నోరు తెరవకూడదన్న నియమాన్నే ఆయుధంగా చేసుకుంటాడు. కక్షిదారు మనకు చెప్పింది బయటపెట్టకూడదన్నది మనకూ ఉంది: పాత ఎవిడెన్స్ యాక్ట్‌లో సెక్షన్ 126, ఇప్పుడు సాక్ష్య అధినియమ్‌లో 132. చేసిన నేరం గురించి చెప్తే ఆ రక్షణ ఉంటుంది, చేయబోయే నేరానికి మన సాయం అడిగితే ఉండదు. ఆ గీత ఎక్కడుందో పుస్తకంలో చదివితే సగమే ఎక్కుతుంది. జోయీ ముందు కూర్చున్న లాయరు ముఖం చూస్తే మిగతా సగం.

డబ్బు సంగతి దగ్గర జాగ్రత్త. జిమ్మీ టీవీలో ప్రకటన వేయించుకుంటాడు. మొదటి సీజన్‌లో సిగరెట్ కంపెనీ మీద కేసు నడుస్తుంది, లిండ్సే తనకు పాఠాలు చెప్పిన ప్రొఫెసరుతోనే తలపడుతుంది. అలాంటి సివిల్ కేసుల్లో అక్కడి లాయర్లు గెలిస్తే వచ్చిన దాంట్లో వాటా తీసుకోవచ్చు. మన బార్ కౌన్సిల్ నియమాల్లో ప్రకటనలు 36వ రూలు కింద నిషేధం. ఫలితాన్ని బట్టి ఫీజు, వచ్చిన సొమ్ములో వాటా 20వ రూలు కింద నిషేధం. మోటారు యాక్సిడెంటు కేసులు చేయాలనుకునే జూనియర్లకు ఇది రెండుసార్లు చెప్తాను.

ఐదో సీజన్ నుంచి

మొదటి నాలుగు సీజన్లూ ఇలా శ్రద్ధగా చూశారంటే 80 ఎపిసోడ్లు అయినట్టే. ఐదు నుంచి ఏడు దాకా నోటుబుక్కు మూసి చూడండి. కథ లాయర్ల సొంత ప్రాణాల మీదికి, సొంత నేరారోపణల మీదికి ఎక్కువగా మళ్లుతుంది. నటన అలాగే ఉంటుంది, కోర్టు పని మాత్రం పలచబడుతుంది. జడ్జి జోయీ హిల్లర్‌గా లిండా హంట్ కనిపించిన సీన్ల దగ్గర మాత్రం తెరవండి. బెంచి మీద నుంచి రెండు వాక్యాల్లో అభ్యంతరం తేల్చేసే తీరు, మన అభ్యంతరాలు ఎంత పొట్టిగా ఉండాలో నేర్పుతుంది.

ఏడో సీజన్ తర్వాత చానల్ బడ్జెట్ బాగా కోసేసింది. బాబీగా వేసిన డిలన్ మెక్‌డెర్మట్‌తో పాటు లిండ్సే, హెలెన్, రెబెకా పాత్రలు వేసినవాళ్లందరూ రోజువారీ తారాగణం నుంచి వెళ్లిపోయారు. ఎనిమిదో సీజన్‌లో ఆఫీసు బోర్డు ‘యంగ్, ఫ్రట్ అండ్ బెర్లూటీ’ అవుతుంది, జేమ్స్ స్పేడర్ అలన్ షోర్‌గా అడుగు పెడతాడు. ఆ పాత్రకు ఆయనకు 2004లో ఎమ్మీ వచ్చింది. అదే పాత్ర ఆ ఏడాది అక్టోబరులో మొదలైన ‘బోస్టన్ లీగల్’లోకి వెళ్లి, అక్కడ 2005లో మళ్లీ తెచ్చిపెట్టింది. మొదటి రెండు ఎపిసోడ్లలో బాబీ కోసం వెతుక్కుంటారు, నేనూ వెతుక్కున్నాను. మూడోదానికి సర్దుకుంటుంది.

ఈ సీజన్‌కు మళ్లీ నోటుబుక్కు తీయండి, ఈసారి ఎడమ పేజీలో ప్రశ్నలు రాయొద్దు. అలన్ షోర్ కేసు గెలవడానికి తొక్కిన ప్రతి అడ్డదారీ రాయండి. కుడి పేజీలో అదే పని మన దగ్గర చేస్తే బార్ కౌన్సిల్ నియమాల్లో ఏది తగులుతుందో నంబరుతో సహా వెతికి రాయండి. నియమాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. మొన్న ఆదివారం మా జూనియరమ్మాయి ఒక్క ఎపిసోడ్‌కే రెండు పేజీలు నింపింది. మూడు చోట్ల రూలు నంబరు తప్పు రాసింది, సోమవారం పొద్దున కాల్ వర్కు (ఆ రోజు కేసులను వరసగా పిలవడం) మొదలయ్యేలోపు దిద్దుకుని తెచ్చి చూపించింది.